జైసల్మేర్ దారా, కచ్ దారా: బండి వెనక సీట్లో కూర్చున్నామె సలహా

మొగుడూ పెళ్ళాం ఇద్దరే, బండి ఒకటే, వారం రోజుల సెలవు, ఎడారి చూడాలి. ఈ లెక్కతో మన వైపు నుంచి బయల్దేరేవాళ్ళకి నికరంగా రెండే దారులున్నాయి. ఒకటి రాజస్థాన్‌లో జోధ్‌పూర్ మీదుగా జైసల్మేర్, అక్కడి నుంచి సరిహద్దు దాకా. రెండోది గుజరాత్‌లో భుజ్ నుంచి కచ్ రణ్ అనే ఉప్పు ఎడారి మధ్యగా ధోలావీరా దాకా. లడఖ్ కూడా ఎడారే కదా అని వాదించేవాళ్ళుంటారు, నిజమే, కానీ ఆ ఎత్తులూ ఆ ఊపిరాడని గొడవా వేరే కథ, దాన్ని పక్కన పెట్టేద్దాం. మేం రెండూ చేశాం, 2022 డిసెంబర్‌లో జైసల్మేర్ వైపు, 2024 జనవరిలో కచ్ వైపు. రెండుసార్లూ నడిపింది మా ఆయన, వెనక కూర్చుంది నేను. ఈ దారుల గురించి సలహాలిచ్చేవాళ్ళు దాదాపు అందరూ ముందు సీటు వాళ్ళే, వాళ్ళ ధ్యాసంతా రోడ్డు ఎంత నున్నగా ఉంది, బండి ఎంత స్పీడ్ పోయింది అనే దాని మీదే ఉంటుంది. వెనక కూర్చున్న మనిషికి కావాల్సిన లెక్క వేరు. ఎన్ని కిలోమీటర్లకోసారి బండి దిగొచ్చు, దిగితే అక్కడ ఏముంది?

నా లెక్క 60 కిలోమీటర్లు. బుల్లెట్ వెనక సీటు మీద అంతదాకా బానే ఉంటుంది, అది దాటితే ముందు నడుము, తర్వాత తొడలు, ఆ తర్వాత మాటలు మొద్దుబారతాయి. ముందున్నాయనకి చేతిలో హ్యాండిలుంది, కాలి కింద గేర్లున్నాయి, కళ్ళెదుట రోడ్డుంది. నాకు ఎదురుగా ఉన్నది ఒక హెల్మెట్ వెనక భాగం, దాని మీద ఎప్పుడో అతికించిన స్టిక్కర్. పైగా ప్రతి గంటకీ "ఇంకో ఇరవై కిలోమీటర్లే" అనే మాట. కాబట్టి ఏది ఎక్కువ అందంగా ఉంటుందన్న ప్రశ్న తర్వాత. ఆగే చోట్లు ఏ దారిలో సరిగ్గా పడ్డాయో ముందు చూడండి.

ఆ లెక్కన చూస్తే మొదటిసారి వెళ్ళే జంటకి జైసల్మేరే. కచ్ అందంలో ఒక మెట్టు పైనే ఉంటుంది, ఆ మాట కాదనను, కానీ అది ఒకసారి ఇలాంటి ప్రయాణం చేసి, ఒకరి తిక్క ఒకరికి తెలిసినవాళ్ళకి.

జైసల్మేర్ దారి సంగతి చెప్తాను. మేం బండిని రైల్లో జైపూర్‌కి పార్సెల్ వేసి, అక్కడ దించుకుని అజ్మేర్, బ్యావర్, పాలీ మీదుగా జోధ్‌పూర్ వెళ్ళాం. జైపూర్ నుంచి జోధ్‌పూర్‌కి ఇంతకన్నా దగ్గర దారులున్నాయి. మేం ఇటు తిరిగింది ఒకే ఒక్క కారణానికి, పాలీ దాటాక ఇరవై కిలోమీటర్లకి రోడ్డు పక్కనే ఓం బన్నా గుడి ఉంది. బుల్లెట్ బాబా అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 1988లో ఓం సింగ్ రాథోడ్ అనే యువకుడు ఇక్కడ చెట్టుకి గుద్దుకుని చనిపోయాడు. పోలీసులు బండిని స్టేషన్‌కి తీసుకెళ్తే తెల్లారేసరికి అది మళ్ళీ ఈ చెట్టు దగ్గరే ఉందని, పెట్రోల్ తీసేసి గొలుసు కట్టినా తిరిగొచ్చేసిందని కథ. నమ్ముతారో లేదో మీ ఇష్టం. ఆ బండి, 350 సీసీ బుల్లెట్, నంబర్ ఆర్‌ఎన్‌జే 7773, ఇప్పుడు అద్దాల పెట్టెలో ఉంది. పూలదండల మధ్య నుంచి హెడ్‌లైట్ ఒక్కటి కనిపిస్తుంది. పక్కనున్న చెట్టు కాండానికి గాజులు, ఎర్ర దారాలు, చున్నీ ముక్కలు ఎన్ని కట్టారంటే బెరడు కనిపించదు. నన్ను ఆపేసింది మాత్రం వాసన. అగరుబత్తి పొగలో మందు వాసన, ఎందుకంటే ఇక్కడ సీసాలు మూత తీసి నైవేద్యంగా పోస్తారు. లారీ డ్రైవర్లు ఆగకుండా పోయినా హారన్ మాత్రం కొట్టి పోతారు. మా ఆయన దేవుడి గదిలోకి కూడా పండక్కి తప్ప రాడు, ఆ రోజు మా బండి తాళాలు ఆ అద్దాల పెట్టెకి ఆనించి తెచ్చుకున్నాడు. వెనక కూర్చునేదాన్ని కదా, నేనేం అనలేదు.

అక్కడి నుంచి జోధ్‌పూర్ యాభై కిలోమీటర్లు. రాత్రి జోధ్‌పూర్‌లో ఆగండి, మిర్చీ వడ తినండి. మన మిరపకాయ బజ్జీయే, కడుపులో ఆలూ కూర పెడతారు, రెండు తింటే భోజనం అక్కర్లేదు.

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ దాదాపు 280 కిలోమీటర్లు, ఈ ప్రయాణం మొత్తంలో బోరు కొట్టే భాగం ఇదొక్కటే. పోఖ్రాన్ దాకా 170, ఆ మధ్యలో టీ కొట్లు తప్ప దిగి చూసేదేం లేదు. పోఖ్రాన్ పేరు వినగానే 1974, 1998 అణుపరీక్షలు గుర్తొచ్చి అక్కడేదో చూడొచ్చనుకుంటారు, ఆ స్థలం ఆర్మీ చేతుల్లో ఉంది, మామూలు జనాన్ని రానివ్వరు. ఊళ్ళో చమ్‌చమ్ అనే మిఠాయి తిని, ఓపికుంటే పన్నెండు కిలోమీటర్ల దూరంలోని రామ్‌దేవ్రా గుడి చూసి ముందుకు పోవడమే. హిందువులు బాబా రామ్‌దేవ్ అని, ముస్లింలు రామ్‌సా పీర్ అని కొలిచే చోటు అది. జైసల్మేర్ ఇంకో పది పన్నెండు కిలోమీటర్లుందనగా రోడ్డు పక్కనే వార్ మ్యూజియం వస్తుంది, 2015లో తెరిచారు. అప్పటికి నాకు ఏ టాంకూ చూసే ఓపిక లేదు, తిరుగు ప్రయాణంలో చూశాం, మీరూ అలాగే చేయండి.

అసలు మజా జైసల్మేర్‌లో రూమ్ తీసుకుని, సామాను అక్కడే పడేసి, ఖాళీ బండితో తిరగడంలో ఉంది. జైసల్మేర్ నుంచి రామ్‌గఢ్, అక్కడి నుంచి తనోట్, తనోట్ నుంచి లోంగేవాలా, మళ్ళీ రామ్‌గఢ్ మీదుగా వెనక్కి. మొత్తం 270 కిలోమీటర్ల చుట్టు. దూరాలు చూడండి: రామ్‌గఢ్‌కి 65, అక్కడి నుంచి తనోట్‌కి ఇంకో 55, తనోట్ నుంచి లోంగేవాలాకి 40, లోంగేవాలా నుంచి రామ్‌గఢ్‌కి 45. వెనక సీటు మనిషిని దృష్టిలో పెట్టుకుని ఎవరో గీసినట్టుంటుంది. ఊరు దాటగానే బడా బాగ్ దగ్గర రాజుల సమాధి మంటపాలు, వాటి వెనక వరసగా గాలిమరలు. ఆ తర్వాత రోడ్డు అలా తిన్నగా పోతూనే ఉంటుంది. ఇందిరా గాంధీ కాలువ నీళ్ళు అందిన చోట ఉన్నట్టుండి ఆవాల చేను పచ్చగా కనబడుతుంది, రెండు నిమిషాలకి మళ్ళీ ఇసుక. (చిన్నప్పుడు జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన పడేది మన అనంతపురంలోనే అని చదువుకున్నాం కదా, ఇక్కడికొచ్చి చూశాక రెండో స్థానానికీ మొదటి స్థానానికీ ఉన్న తేడా అర్థమైంది.)

తనోట్ మాత గుడిని బీఎస్ఎఫ్ వాళ్ళే చూసుకుంటారు, పూజ చేసేదీ జవాన్లే. 1965 యుద్ధంలో ఈ చుట్టుపక్కల పడ్డ బాంబులు పేలలేదని చెబుతారు, పేలని బాంబులు కొన్ని అద్దాల బీరువాలో పెట్టారు. గుడి ఆవరణలో వేల కొద్దీ చేతి రుమాళ్ళు కట్టి ఉంటాయి, మొక్కుకునేవాళ్ళు కట్టినవి. మీరూ కట్టాలనుకుంటే రుమాలు వెంట తీసుకెళ్ళండి, నేను ముక్కుకి కట్టుకున్నదే విప్పి కట్టి ఆ రోజంతా దుమ్ము తిన్నాను. తనోట్ దాటి సరిహద్దు పోస్టు దాకా పోవాలంటే బీఎస్ఎఫ్ అనుమతి కావాలి, అది లేకుండా ఊరికే అడిగి చూద్దాం అని ముందుకు పోవద్దు.

తనోట్ నుంచి లోంగేవాలా రోడ్డు మీద ఒక్కటే జాగ్రత్త, ఇసుక. గాలికి దిబ్బ మీది ఇసుక నాలుకలాగా సాగి రోడ్డుకి అడ్డంగా పడుంటుంది, దూరం నుంచి చూస్తే రోడ్డు రంగు కాస్త వెలిసినట్టే అనిపిస్తుంది తప్ప ఇసుకని తెలియదు. మా ముందు చక్రం దాని మీదికెక్కి ఒక జానెడు పక్కకి జారింది. మా ఆయన బ్రేక్ పట్టకుండా యాక్సిలరేటర్ వదిలేశాడు కాబట్టి నిలదొక్కుకుంది. వెనక కూర్చున్నవాళ్ళు చేయాల్సిందల్లా కదలకుండా ఉండటం. నేను కదలకుండానే ఉన్నాను, ఆయన జాకెట్ మాత్రం భుజం దగ్గర కుట్టు విడిపోయింది.

లోంగేవాలాలో బండి దిగితే కనీసం గంటన్నర పెట్టుకోండి. 1971 డిసెంబర్ 4 రాత్రి మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురీ, ఆయనతో 120 మంది దాకా పంజాబ్ రెజిమెంట్ జవాన్లు ఈ దిబ్బ మీదుండి పాకిస్తాన్ టాంకుల్ని తెల్లారేదాకా ఆపారు, తెల్లారాక జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలొచ్చి ఆ టాంకుల పని పట్టాయి. ఆ టాంకుల్లో కొన్ని ఇంకా అక్కడే ఉన్నాయి. ఇలాంటివి మ్యూజియంలో చూడటం వేరు, ఆ ఇసుకలోనే నిలబడి, రాత్రి ఇక్కడ చలెంతుంటుందో ముందు రోజే ఒళ్ళు తెలుసుకున్నాక చూడటం వేరు.

మిగతావి గబగబా. కుల్‌ధారా, పాలీవాల్ బ్రాహ్మణులు వదిలేసి పోయిన ఊరు, జైసల్మేర్‌కి 18 కిలోమీటర్లు, పొద్దున్నే వెళ్తే బాగుంటుంది, దయ్యాల కథలు చెప్పేవాళ్ళని పట్టించుకోకండి. బాడ్‌మేర్ రోడ్డులో 17 కిలోమీటర్లకి ఆకల్ శిలాజాల పార్కు, 18 కోట్ల ఏళ్ళ కిందటి చెట్లు రాళ్ళైపోయి పడున్నాయి, ఇప్పుడు ఎడారైన చోట ఒకప్పుడు అడవి ఉండేదన్నమాట, ముప్పావుగంట చాలు. సామ్ ఇసుక దిబ్బలకి నేనైతే మార్కులు వేయను. జీపులు, డీజే, ఒంటె ఎక్కండి సార్ అని వెంటపడటం. ఇసుక దిబ్బ చూడాలంటే ఖూరీ వైపు వెళ్ళండి, రద్దీ తక్కువ.

ఇప్పుడు కచ్. ఇక్కడ మేం అహ్మదాబాద్ దాకా విమానంలో, అక్కడి నుంచి రాత్రి రైల్లో భుజ్ వెళ్ళి బుల్లెట్ అద్దెకి తీసుకున్నాం, రోజుకి 1,200 రూపాయలు. తప్పు అక్కడే చేశాం, దాని సంగతి కింద చెప్తాను. భుజ్ నుంచి ఉత్తరానికి తిరిగితే కర్కాటక రేఖ దాటుతున్నట్టు రోడ్డు పక్కన బోర్డుంటుంది, అందరూ అక్కడ ఫొటో దిగుతారు, మేమూ దిగాం. 55 కిలోమీటర్లకి భిరండియారా, ఇక్కడ మావా దొరుకుతుంది, ఇక్కడి బన్నీ గడ్డి మైదానాల గేదెల పాలతో వేడిగా కాచింది, మన కోవాకి అక్కలాంటిది. వైట్ రణ్‌కి పర్మిట్ ఇక్కడి చెక్‌పోస్ట్‌లోనో ఆన్‌లైన్‌లోనో తీసుకోవాలి. ఎడమకి తిరిగితే ధోర్డో, అదే తెల్ల ఉప్పు మైదానం, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రణ్ ఉత్సవం జరిగే చోటు. ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఆ ఉప్పు మీదికి బండి దింపొద్దు. పైన పెచ్చు గట్టిగా కనిపిస్తుంది, కింద బురద, ఇద్దరు కూర్చున్న బుల్లెట్ అలా దిగబడిపోతుంది. నడిచే చూడాలి. నడిస్తే చాలు కూడా, సాయంత్రం ఆరు గంటలకి నేల ముందు గులాబీ రంగుకి, ఆ తర్వాత నీలానికి మారుతుంటే అంతమంది జనంలోనూ ఎవరి గొంతూ పెద్దగా వినిపించదు.

భిరండియారా నుంచి తిన్నగా పోతే ఖావ్‌డా. పక్కనే కాలో డుంగర్, కచ్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ, ఎత్తు దాదాపు 460 మీటర్లే అయినా పైనుంచి రణ్ మొత్తం పరుచుకుని కనిపిస్తుంది. పైన దత్తాత్రేయుడి గుడి, అక్కడ నక్కలకి ప్రసాదం పెట్టే ఆచారం ఉంది. నక్కలు మాకు కనబడలేదు. ఖావ్‌డా దాటాక ధోలావీరా వైపు రోడ్డు ఉప్పు మధ్యలోంచి పోతుంది, దీన్నే రోడ్ టు హెవెన్ అంటున్నారు. ముప్పై కిలోమీటర్ల దాకా రెండు వైపులా తెలుపే, వానలు బాగా పడ్డ ఏడాది డిసెంబర్‌లో వెళ్తే తెలుపు బదులు నీళ్ళు, అందులో ఫ్లెమింగోలు. దీనితో పోల్చదగిన రోడ్డు జైసల్మేర్ దారిలో ఎక్కడా లేదు. కానీ ఆగడానికి ఏమీ లేదు, నీడ లేదు, కొట్టు లేదు, ఆడవాళ్ళ విషయానికొస్తే చెట్టు చాటు అనే మాటే లేదు. బన్నీలో దారి పొడవునా కనిపించిన సర్కారు తుమ్మ కూడా ఇక్కడ లేదు. ఖావ్‌డాలో పని చూసుకుని బయల్దేరండి, ధోలావీరా దాకా అంతే.

మా బండి చైన్ ఈ రోడ్డు మీదే జారింది. అద్దెకిచ్చినాయన పొద్దున బండి ఇస్తూ సర్వీస్ నిన్ననే అయిందన్నాడు. చైన్ వేలితో ఎత్తి చూస్తే రెండంగుళాలు ఊగుతోంది, మేం ఆ చూడటమేదో భుజ్‌లో చూడలేదు, ఉప్పు మధ్యలో నిలబడి చూశాం. పక్క డబ్బా తెరిస్తే టూల్ కిట్ సంచి ఉంది, లోపల ఒక్క స్పానర్ కూడా లేదు. ఖావ్‌డా దగ్గర సోలార్, విండ్ పార్కు పనులు జరుగుతుండటం వల్ల లారీలు తిరుగుతుంటాయి, అలాంటి లారీ ఒకటి ఆగి, డ్రైవర్ తన స్పానరిచ్చి తనే బిగించి పోయాడు, డబ్బులిస్తే నవ్వేశాడు. బండి అద్దెకి తీసుకుంటే చైన్, రెండు టైర్లు, టూల్ కిట్, ఈ మూడూ షాపు ముందే చూసుకోండి, వీడియో తీసుకోండి.

ధోలావీరా గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. అయిదు వేల ఏళ్ళ నాటి హరప్పా నగరం, రాతిని తొలిచి కట్టిన నీటి రిజర్వాయర్లు, వాన నీటిని పట్టి దాచుకున్న తీరు, పది అక్షరాల బోర్డు దొరికిన ఉత్తర ద్వారం. ఆ అక్షరాలు ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయారు. 2021 జూలైలో మన రామప్ప గుడికి యునెస్కో గుర్తింపొచ్చిన రెండు రోజులకే దీనికీ వచ్చింది, ఆ వారం వార్తలన్నీ రామప్ప మీదే ఉండటంతో నాకు ధోలావీరా పేరే అందలేదు. రాత్రి అక్కడే ఉండండి. అదే రోజు భుజ్‌కి తిరిగొస్తే 270 కిలోమీటర్లవుతుంది, అదే జైసల్మేర్ చుట్టు అంత, కానీ అక్కడ నాలుగుసార్లు దిగిన నడుము ఇక్కడ రెండుసార్లే దిగుతుంది.

ఇంకో రోజుంటే లఖ్‌పత్ వెళ్ళండి, భుజ్‌కి పడమరగా 135 కిలోమీటర్లు. ఒకప్పుడు సింధు నది పాయ మీద రేవు, 1819 భూకంపంలో నేల లేచి నీళ్ళు అటు మళ్ళిపోయాయి, ఊరు ఖాళీ అయింది. కోట గోడ అలాగే ఉంది, దాని మీదెక్కితే ముందు ఏమీ ఉండదు.

ఇక ఖర్చూ కష్టమూ. చలి రెండు చోట్లా ఉంది, జైసల్మేర్‌లో ఎక్కువ, తెల్లవారుజామున చేతి వేళ్ళు పని చేయవు, తొమ్మిది లోపు బండి తీయొద్దు. రూములు జైసల్మేర్‌లో చవక, రణ్ ఉత్సవం రోజుల్లో ధోర్డో టెంట్ల రేట్లు చూస్తే గుండె ఆగుతుంది, భుజ్‌లోనే దిగి వెళ్ళిరండి. తిండికి మన నాలుకకి రాజస్థానే నయం, కేర్ సాంగ్రీ కూర, దాల్ బాటీ, కారం ఉంటుంది. కచ్‌లో పప్పు తియ్యగా ఉంటుంది, నేను కంది పొడి డబ్బా తీసుకెళ్ళాను, సజ్జ రొట్టెలోకి అద్భుతం. బన్ను మధ్యలో ఆలూ కూర పెట్టే దాబేలీ మాత్రం పుట్టిందే కచ్‌లోని మాండ్విలో, రోజూ తినొచ్చు. సాయంత్రం ఒక బీరు అనుకునేవాళ్ళకి గుజరాత్‌లో మద్యనిషేధం ఉందని గుర్తు చేస్తున్నాను. పెట్రోల్ విషయంలో రెండు చోట్లా ఒకటే మాట, జైసల్మేర్ వైపైతే రామ్‌గఢ్‌లో, కచ్ వైపైతే భుజ్‌లో ఫుల్ ట్యాంక్. బండికి మాత్రం ఇసుక కన్నా ఉప్పు ప్రమాదం. ఇసుక చైన్‌ని తింటుంది, ఉప్పు కనపడకుండా అడుగు భాగమంతా తుప్పు పట్టిస్తుంది. సొంత బండితో కచ్ వెళ్తే రాగానే కింద నుంచి మంచినీళ్ళతో కడిగించండి.

సొంత బండి పార్సెల్ వేసేవాళ్ళకి: ట్యాంకులో చుక్క పెట్రోల్ ఉండకూడదు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాపీలు కావాలి, అద్దాలు విప్పేసి గోనె సంచులు చుట్టించాలి. దిగాక మొదటి పని సీసా పట్టుకుని బంకుకి నడవటం. ఇప్పుడు కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనే ఉన్న భగత్ కీ కోఠీ దాకా నేరుగా రైలుంది, మేం వెళ్ళినప్పుడు లేదు.

పది రోజులుంటే రెండూ కలపొచ్చా అని అడుగుతారు. కలపొచ్చు, జైసల్మేర్ నుంచి బాడ్‌మేర్, అక్కడి నుంచి దక్షిణానికి గుజరాత్‌లోకి. ఆ వైపు గాంధవ్, బాఖాసర్ మధ్య హైవేనే విమానాలు దిగేలా మూడు కిలోమీటర్లు కట్టారు, మన కోరిశపాడు దగ్గర ఉన్నలాంటిదే. కానీ మధ్యలో రెండు రోజులు పూర్తిగా బండి మీదే పోతాయి. ముందు సీటు వాళ్ళు సరే అంటారు. వెనక సీటుని అడగండి.

ఒకటి మాత్రం ఏ దారికైనా కొనండి, హెల్మెట్‌లో పెట్టుకునే ఇంటర్‌కామ్. జైసల్మేర్ ట్రిప్‌లో మాకు లేదు, ఆగాలంటే భుజం మీద రెండుసార్లు తట్టడం, ఆయనకి అర్థం కాక "ఏంటి" అని వెనక్కి తిరగడం, నేను ముందు చూడు అని అరవడం. కచ్‌కి కొనుక్కుని వెళ్ళాం. చైన్ బిగించుకుని బయల్దేరాక ఆ తెల్ల రోడ్డు మీద అరగంట సేపు ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. కొత్త ఇంటర్‌కామ్ అప్పుడే పాడైపోయిందనుకుని మా ఆయన హలో, హలో అన్నాడు.